గుమాస్తా రిటైరయ్యేలోపు ఆయన బుర్రలోది షీట్‌లోకి దించడం ఎలా

మాది ఒడిశాలోని రాయగడలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. అటు కాశీపూర్ కొండల మీది దుకాణాల దగ్గర్నుంచి ఇటు గుణుపురం దారిలో చిన్న చిన్న ఊళ్ల దాకా సరుకు మా దగ్గర్నుంచే వెళ్తుంది, దాంట్లో ఎక్కువ భాగం అరువు మీదే. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరితో "ముందు పాతది కట్టు బాబూ" అనాలి అన్నది ఇన్నేళ్లూ ఒకే ఒక్క మనిషి చూశాడు, మా గుమాస్తా. నాన్న కుర్రాడిగా ఉన్నప్పట్నుంచి ఉన్నాడు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. మోకాళ్లు అరిగిపోయాయి, వచ్చే ఉగాదికి పార్వతీపురంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతాను అని ఆయన చెప్పేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఖాతా పుస్తకాలు మనకే మిగుల్తాయి, కంప్యూటర్లో బిల్లులు ఉంటాయి, కానీ ఎవర్ని ఎంతవరకు నమ్మాలో వాటిలో ఎక్కడా రాసిలేదు కదా.

అప్పుడు మేం చేసిన పనికి ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అని పెద్ద పేరుంది. బాగా అనుభవం ఉన్న మనిషి ఒక నిర్ణయం ఎలా తీసుకుంటాడో దాన్ని "ఇలా ఉంటే అలా చెయ్యి" అనే రూల్స్‌గా రాసి కంప్యూటర్‌కి ఎక్కిస్తే, కొత్తవాడు నాలుగు వివరాలు కొట్టగానే అది సలహా చెబుతుంది, ఎందుకలా అందో కూడా చెబుతుంది. ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదు. 1965లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ బృందం రసాయనాల అణు నిర్మాణం కనిపెట్టడానికి డెండ్రల్ అనే సిస్టమ్ మొదలుపెట్టింది. ఆ ఫైగెన్‌బామ్‌తో కలిపి 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద బహుమతి ట్యూరింగ్ అవార్డు అందుకున్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. ఈ మాట చెప్పాకే మా నాన్న ఈ పనికి ఒప్పుకున్నాడు, మనవాళ్లెవరో ఉంటే తప్ప ఆయనకి ఏదీ నమ్మకం కుదరదు.

నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ కథ. డబ్బా సూపుల్ని వేడిచేసి శుద్ధి చేసే పెద్ద పెద్ద యంత్రాలు చెడిపోతే ఎక్కడ లోపముందో చెప్పగలిగిన ఆల్డో సిమినో అనే పెద్దాయన రిటైర్ కాబోతుంటే, 1980లలో ఆయన్ని కూర్చోబెట్టి తెలిసిందంతా చెప్పించుకుని 150 పైచిలుకు రూల్స్‌గా మార్చారు. అక్కడ యంత్రం, ఇక్కడ అరువు, అంతే తేడా. మీది కో-ఆపరేటివ్ సొసైటీ అయినా, మందుల షాపు అయినా, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అయినా పద్ధతి ఇదే.

ముందే ఒకటి చెప్పేస్తాను. దీంట్లో కంప్యూటర్ పని రెండు మూడు సాయంత్రాలది. మనిషి నోట్లోంచి మాట బయటికి లాగడం నెలల పని, అందుకని నేను కూడా దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మొదట, ఆ నిర్ణయం దీనికి పనికొస్తుందా?

పాతకాలం ఎక్స్‌పర్ట్ సిస్టమ్ వాళ్లు ఫోన్ పరీక్ష అని ఒకటి చెప్పేవాళ్లు. తెలిసిన మనిషి ఎక్కడో ఉండి, ఫోన్లోనే నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు చెప్పగలిగితే అది రూల్స్‌లోకి వస్తుంది. బాబాయ్ మేనకోడలి పెళ్లికి వెళ్లినప్పుడు పందిట్లోంచే, "పాతదెంతుంది? ఆఖరి జమ ఎప్పుడు? బండి ఎవరిది వచ్చింది?" అని అడిగి మాకు ఆర్డర్లు పాస్ చేసేవాడు, అంటే అరువు సంగతి పనికొస్తుందన్నమాట. అదే చింతపండు కొనుగోలు తీసుకోండి. చేత్తో పిసకాలి, వాసన చూడాలి, తడి ఎంతుందో వేళ్లకి తెలియాలి. అది ఫోన్లో కుదరదు, మీ షీట్లోనూ కుదరదు, దాని జోలికి పోకండి.

ఇంకో రెండు చూసుకోండి. ఆ నిర్ణయం రోజూ వచ్చేదై ఉండాలి, ఏడాదికోసారి వచ్చే దానికి ఇంత తతంగం అనవసరం. దాన్ని మీకంటే బాగా చేసే మనిషి నిజంగా ఉండాలి. ఎవరికీ తెలియని విషయాన్ని సిస్టమ్ తెలుసుకోలేదు. "మన వ్యాపారం ఎలా పెంచాలి" లాంటి ప్రశ్నలు దీనికి వేయకండి, ఒకే ఒక్క చిన్న నిర్ణయం పట్టుకోండి.

తర్వాత, జవాబులు ముందు రాసుకోండి

ప్రశ్నలకంటే ముందు జవాబులా అని అనిపిస్తుంది కానీ ఇదే సరైన వరస. మా కొట్లో అరువు ఆర్డర్‌కి నాలుగే జవాబులు: పంపించు, సగం డబ్బు తీసుకుని పంపించు, ఆపు, పెద్దవాళ్లని అడుగు. నాలుగోదాన్ని మర్చిపోకండి. అది లేకపోతే తనకి తెలియని చోట కూడా సిస్టమ్ ఏదో ఒకటి చెప్పేస్తుంది, కుర్రాడు దాన్నే నమ్మి బండి ఎక్కించేస్తాడు.

ఇప్పుడు అసలు పని, పెద్దాయన చేత మాట్లాడించడం

నేను మొదట చేసిన తప్పు మీరు చేయకండి. కొత్త నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని, "బాబాయ్, అరువు ఇవ్వడానికి నీ రూల్స్ ఏంటో చెప్పు" అన్నాను. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి, "రూల్సేటి బాబూ, మనిషిని బట్టి ఉంటాది" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే తెలియదు. ఏళ్ల తరబడి చేసిన పని చేతికి వచ్చేస్తుంది, నోటికి రాదు. సైకిల్ ఎలా తొక్కుతావో చెప్పమంటే మనం మాత్రం ఏం చెబుతాం? ఫైగెన్‌బామ్ కూడా ఈ రంగంలో పెద్ద అడ్డంకి ఇదేనన్నాడు, తెలివిని మనిషి దగ్గర్నుంచి రాబట్టడం.

అందుకని రూల్స్ అడగకండి, కేసులు పెట్టండి. పాత బిల్లుల కట్టలోంచి ఒకటి తీసి, పేరు వేలితో మూసేసి, "మునిగుడ వైపు దుకాణం, పాత బాకీ ఇంత, ఇన్ని రోజులైంది, ఇప్పుడు ఇంత సరుకు అడుగుతున్నాడు, ఏం చేస్తావు?" అనండి. జవాబు వెంటనే వస్తుంది. అప్పుడు ఒక్కటి మాత్రమే మార్చి మళ్లీ అడగండి. "అన్నీ అవే, కానీ అడిగింది నూనె టిన్నులు కాదు, సబ్బులు, బిస్కెట్లు, అప్పుడు?" "అన్నీ అవే, కానీ నెల పుష్యం కాదు, ఆషాఢం, అప్పుడు?" ఏది మార్చినప్పుడు జవాబు మారుతుందో అదే మీ రూల్‌లో ఉండాల్సిన షరతు. ఏది మార్చినా ఆయన పట్టించుకోకపోతే దాన్ని పక్కన పడేయండి. నేను మూడేళ్ల పరిచయమా పదేళ్ల పరిచయమా అన్నది చాలా ముఖ్యం అనుకున్నాను, బాబాయ్‌కి అది లెక్కే కాదని ఇలా అడిగితేనే తెలిసింది. ఆయన చూసేది సరుకు రకం. ఎప్పుడూ పప్పు, ఉప్పు, నూనె కొనే దుకాణం ఒక్కసారిగా బీడీ కట్టలు, సిగరెట్లు ఎక్కువగా అడిగిందంటే, డబ్బు అవసరమై వాటిని ఎక్కడో తక్కువ రేటుకి తోసేయడానికే అని ఆయన లెక్క. ఇది నేను వందేళ్లు కూర్చున్నా కనిపెట్టేవాణ్ని కాదు.

ఆయన సరేనంటే ఫోన్లో రికార్డ్ చేయండి, రోజుకి అరగంట మించకండి, టీ తాగే టైములో అడగండి, కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు అడగకండి. తేలికైన కేసుల మీద టైం పాడుచేయొద్దు, ఆయన కాసేపు ఆగి, గడ్డం గోక్కుని చెప్పే కేసులు వెతకండి, సరుకంతా అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా చెప్పాలి. పెద్దవాళ్ల రూల్స్‌లో కొన్ని వినడానికే ఇబ్బందిగా ఉంటాయి. "ఆ ఊరోళ్లకి అరువొద్దు బాబూ" అన్నాడు బాబాయ్ ఒకరోజు, కొండమీది ఒక ఊరి గురించి. నేను దాన్ని యథాతథంగా రాసేస్తే ఏమవుతుంది? ఒక ఊరినీ, ఒక కులాన్నీ, ఒక తెగనీ శాశ్వతంగా వెలివేసిన కంప్యూటర్ తయారవుతుంది, పైగా రేపు కుర్రాడు "నేను కాదు, సిస్టమ్ చెప్పింది" అంటాడు. అందుకని ఎందుకు, ఎందుకు, ఎందుకు అని తవ్వండి. తవ్వితే తేలింది ఏమిటంటే ఆ ఊళ్లో మనుషులకేం లేదు, వానాకాలంలో గెడ్డ పొంగితే దారి తెగిపోతుంది, వసూలుకి మన మనిషి వెళ్లలేడు, వాళ్లు కిందికి రాలేరు, బాకీ నెలల తరబడి అలా ఉండిపోతుంది. అంటే రూల్ ఊరి మీద కాదు, దారి మీద. వంతెన పడిన రోజు ఆ రూల్ పోవాలి. ఊరి పేరు, ఇంటి పేరు, కులం, భాష, ఇవి షరతుల్లో కనబడితే అసలు కారణం ఇంకా బయటికి రాలేదని గుర్తు. ఎంత తవ్వినా కారణం దొరకకపోతే ఆ రూల్ రాయకండి. మేం రెండు అలాగే వదిలేశాం, బాబాయ్ కాస్త ముఖం ముడుచుకున్నాడు, అంతే.

ఇద్దరు అనుభవజ్ఞులుంటే విడివిడిగా అడగండి. మా నాన్న, బాబాయ్ ఒకే కేసుకి వేరే జవాబులు చెప్పారు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చండి, కానీ చివరి మాట ఎవరిదో ముందే ఒప్పుకోవాలి. మా ఇంట్లో అది తేలడానికి వారం పట్టింది.

వివరాల పట్టీ

ఇప్పుడు ఆయన మాటల్లో పదేపదే వచ్చిన వివరాలన్నీ ఒకచోట రాయండి. పాత బాకీ ఎంత, ఎన్ని రోజులది, ఆఖరి జమ ఎప్పుడు, అడిగిన సరుకు మామూలుకి ఎన్ని రెట్లు, సరుకు రకం మారిందా, దారి వానకి తెగేదా, ఇప్పుడు ఏ నెల. పన్నెండు దాటకుండా చూసుకోండి, అంతకు మించితే కౌంటర్లో ఎవరూ పూర్తిగా నింపరు.

ప్రతి వివరానికి ఒక్కటే అర్థం ఉండాలి. "పాత బాకీ" అంటే బిల్లు తేదీ నుంచా, ఆఖరి జమ తేదీ నుంచా? బాబాయ్ దృష్టిలో పది రూపాయలు కట్టినా మనిషి బతికున్నట్టే, కాబట్టి ఆఖరి జమ నుంచి. నాన్న బిల్లు నుంచి లెక్కేసేవాడు. ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేర్వేరు లెక్కలు వేసుకున్నారు, ఎవరికీ తెలియలేదు. మా దగ్గర ఇంకో చిక్కు, మేం తెలుగులో మాట్లాడుకుంటాం, బిల్లు ఇంగ్లిష్‌లో కొడతాం, కౌంటర్లో కుర్రాళ్లు ఒడియా వాళ్లు, కొందరి ఇంటి భాష కువి. అందుకని ప్రతి ప్రశ్ననీ తెలుగులో, ఒడియాలో రెండు వరసలుగా రాసి, దాన్ని చదివి కుర్రాడు ఏమనుకున్నాడో వాడి చేతే చెప్పించాను. "మామూలుకి ఎన్ని రెట్లు" అన్నది ఎవరికీ అర్థం కాలేదు, చివరికి కిందటి మూడు బిల్లుల సగటు పక్కనే చూపించాల్సి వచ్చింది.

"తెలీదు" అన్న జవాబుకి కూడా చోటు ఇవ్వండి. ఇవ్వకపోతే జనం ఊహించి రాసేస్తారు.

రూల్స్ రాయడం

ఎక్సెల్ లాంటి షీట్ ఏదైనా పర్లేదు, లిబ్రేఆఫీస్ ఉచితమే. మూడు షీట్లు పెట్టండి. మొదటిది వివరాలు నింపేది, రెండోది రూల్స్, మూడోది చిట్టా. రూల్స్ షీట్లో ఒక్కో అడ్డ వరసకి ఒక్క రూల్, ఒక్కో నిలువు వరస ఒక్కో షరతు, ఖాళీ గడి అంటే "ఏదైనా ఒకటే". చివర్లో జవాబు, దాని పక్కన కారణం, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. ఈ ఆఖరి మూడు గడులు బద్ధకించి వదిలేయకండి. ఏడాది తర్వాత ఆ రూల్ ఎందుకుందో మీకే గుర్తుండదు.

మా వాటిలో కొన్ని ఇవి, అంకెలు మా కొట్టువి, మీవి మీరు చూసుకోండి. ఆఖరి జమ అయి 45 రోజులు దాటితే ఆపు. అడిగిన సరుకు మామూలుకి రెండు రెట్లు మించి, సరుకు రకం కూడా మారితే, పెద్దవాళ్లని అడుగు. రెండు రెట్లు మించింది కానీ రకం మారలేదు, ఊళ్లో జాతరో పెళ్లిళ్లో ఉన్నాయి, అయితే సగం డబ్బు తీసుకుని పంపించు. పాతది ఏమీ లేదు, సరుకు మామూలే, అయితే పంపించు, ఆలోచించకు.

రూల్స్‌నీ వివరాలనీ విడిగా ఉంచడంలోనే అసలు కిటుకు ఉంది. పెద్ద సిస్టమ్స్ కూడా ఇంతే, రూల్స్ ఒక దగ్గర, ఇప్పటి కేసు వివరాలు ఒక దగ్గర, రెండింటినీ పోల్చి చూసే యంత్రాంగం మరో దగ్గర. మీ షీట్లో ఆ మూడోది ఒక్క ఫార్ములానే. ప్రతి వరసలో షరతులన్నీ కుదిరితే ఒకటి, లేకపోతే సున్నా వేయించండి, పైనుంచి మొదటి ఒకటి ఏ వరసలో ఉందో మ్యాచ్ ఫంక్షన్‌తో పట్టుకుని, ఇండెక్స్‌తో దాని జవాబూ కారణమూ తెప్పించండి. అయిపోయింది. ఒక పెద్ద ఫార్ములాలో ఇఫ్ లోపల ఇఫ్ లోపల ఇఫ్ పెట్టే పని మాత్రం చేయకండి, నేను మొదటిసారి అలాగే చేశాను, రెండు వారాల తర్వాత దాన్ని నేనే విప్పలేకపోయాను.

పైనుంచి మొదటిది అన్నాను కాబట్టి వరస ముఖ్యం. రెండు రూల్స్ ఒకే కేసుకి కుదిరి, ఒకటి పంపించమని, ఇంకోటి ఆపమని చెబితే? ప్రత్యేకమైనది పైన, మామూలుది కింద. రెండూ ఒకే స్థాయివైతే ఆపమనేది పైన. అన్నిటికంటే అడుగున, షరతులన్నీ ఖాళీగా ఉన్న ఒక వరస పెట్టి జవాబు "పెద్దవాళ్లని అడుగు" అని రాయండి, ఏ రూల్‌కీ దొరకని కేసు అందులో పడుతుంది.

ఒక రూల్ జవాబు ఇంకో రూల్‌కి షరతు అవ్వొచ్చు. దారి వానకి తెగేది, నెల జూలై నుంచి సెప్టెంబర్ లోపు, ఈ రెండూ కుదిరితే "వాన గడువు" అవును. వాన గడువు అవును అయితే 45 బదులు 75 రోజులు. ఇలా వివరాల నుంచి బయల్దేరి ముందుకి నడవడం ఒక పద్ధతి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ వాళ్ల వ్యాక్స్ కంప్యూటర్ల ఆర్డర్లలో ఏ భాగానికి ఏ కేబుల్, ఏ పెట్టె కావాలో సరిచూసే ఎక్స్‌కాన్ ఇలాగే నడిచేది. దాన్ని జాన్ మెక్‌డెర్మాట్ 1978లో కార్నెగీ మెలన్‌లో రాశాడు, 1980 నుంచి కంపెనీలో వాడారు. రెండో పద్ధతి వెనక్కి నడవడం, "ఇది ఫలానా సూక్ష్మజీవేమో" అని ముందు అనుకుని, దాన్ని తేల్చడానికి కావలసిన ప్రశ్నలే అడగడం. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ రక్తంలో ఇన్ఫెక్షన్ల కోసం రాసిన మైసిన్ ఈ రకం. ప్రశ్నలు చాలా ఉండి, అన్నీ అడగడం కుదరనప్పుడు వెనక్కి నడిచేది మేలు, మన పన్నెండు వివరాలకి ముందుకి నడిచేదే చాలు. మీ రూల్స్ కొన్ని వందలు దాటితే షీట్ వదిలేసి క్లిప్స్ అనే రూల్స్ సాఫ్ట్‌వేర్ వైపు చూడండి. 1980లలో నాసా జాన్సన్ స్పేస్ సెంటర్‌లో రాసింది, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, కాకపోతే కాస్త ప్రోగ్రామింగ్ తెలిసిన పిల్లలు పక్కన ఉండాలి.

"చాలావరకు", "బహుశా" సంగతి

పెద్దాయన మాటల్లో ఇవి తప్పకుండా వస్తాయి. మైసిన్‌లో దీనికి మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా నమ్మకం అంకె పెట్టారు. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే వైపు చూపిస్తే, మొదటిది 0.6, రెండోది 0.5 అనుకోండి, మిగిలిన 0.4లో సగం కలిపి 0.8 అంటారు, ఎన్ని కలిపినా ఒకటి దాటదు. చక్కటి ఉపాయమే. నేనూ పెట్టి చూశాను. బాబాయ్‌ని "ఇది 0.6నా 0.7నా" అని అడిగితే నావైపు జాలిగా చూశాడు. చిన్న సంస్థలకి ఇది అక్కర్లేదని నా అభిప్రాయం, "తప్పకుండా, చాలావరకు, అనుమానం" అని మూడు మాటలు పెట్టి, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ పెద్దవాళ్లకి పంపించేయండి.

ఎందుకో చెప్పగలగాలి

జవాబు పక్కన కారణం కనిపించేలా పెట్టమన్నాను కదా, ఇది అలంకారం కాదు. సరుకు ఆగిందంటే దుకాణదారు ఫోన్ చేస్తాడు, "నా సరుకు ఎందుకాపారు?" అంటాడు, అక్కడ "కంప్యూటర్ వద్దంది" అంటే ఆ ఖాతా పోయినట్టే. "ఆఖరి జమ అయి 52 రోజులైంది అన్నా, సగం వేస్తే ఈ సాయంత్రమే బండి ఎక్కిస్తాం" అంటే ఆయన కూడా కాదనడు. మైసిన్‌ని డాక్టరు "ఎందుకడుగుతున్నావు" అని నిలదీస్తే తను వాడుతున్న రూల్ చూపించేది. ఈ మధ్య అందరూ చాట్‌బాట్‌ని అడిగేస్తే పోలా అంటున్నారు. మాటలు రాయించుకోవడానికి నేనూ వాడతాను, కానీ మా ఖాతాదారు ఎలాంటివాడో దానికి తెలియదు, నిన్న చెప్పిందే ఇవాళ చెబుతుందన్న నమ్మకమూ లేదు. నా షీట్లో ఏ రూల్ ఆ జవాబు ఇచ్చిందో వేలు పెట్టి చూపించగలను.

కౌంటర్ మీద పెట్టే ముందు పరీక్ష

రూల్స్ రాయడానికి వాడిన బిల్లులతోనే పరీక్ష పెట్టుకుంటే అన్నీ పాసవుతాయి, దానికి అర్థం లేదు. ముందే ఒక కట్ట పక్కన దాచుకోండి. వాటికి సిస్టమ్ జవాబు, పెద్దాయన జవాబు, ఇంకో మనిషి జవాబు, మూడూ పేర్లు లేకుండా కాగితాల మీద రాసి, ఏది ఎవరిదో తెలియని మూడో వ్యక్తికి ఇచ్చి చూపించండి. మైసిన్‌ని ఇలాగే చూశారు. పది మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కేసులకి మైసిన్ చెప్పిన మందులూ స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు చెప్పిన మందులూ కలిపేసి, ఎనిమిది మంది బయటి నిపుణులకి ఇచ్చారు. 1979లో ఆ ఫలితాలు వచ్చాయి, మైసిన్ సలహాలకి 65 శాతం ఆమోదం, అక్కడి ప్రొఫెసర్లకి 42.5 నుంచి 62.5 దాకా. పెద్దపెద్ద డాక్టర్లే ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదని దీనర్థం, కాబట్టి మీ సిస్టమ్ నూటికి నూరు రాలేదని దిగులుపడకండి. అంత బాగా వచ్చినా మైసిన్‌ని ఆసుపత్రిలో రోజువారీ వైద్యానికి వాడనే లేదు, అది వేరే కథ.

జవాబులు తేడా వచ్చిన ప్రతిచోటా ఆగి చూడండి. రూల్ తప్పు కావచ్చు, మనం అడగని వివరం ఏదో ఉండొచ్చు, పెద్దాయనే ఆ రోజు పొరబడి ఉండొచ్చు. మాకు ఒక పాత కట్టలో అన్నీ తేడాలే వచ్చాయి, సిస్టమ్ ఆపమన్నవన్నీ బాబాయ్ పంపించేశాడు. తేదీలు చూస్తే అవి 2017 జూలై ఆగస్టువి, నాగావళి వరదకి తేరుబలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయిన రోజులు. "ఆ ఏడు ఎవుడు కడతాడు బాబూ, ఆళ్లకే తిండి లేదు, మనం ఆపేస్తే ఊరంతా ఏటి తింటాది" అన్నాడు. దాన్ని రూల్‌గా రాయాలా అని చాలా ఆలోచించాను. రాయలేదు. "విపత్తు" అని ఒక వివరం పెట్టి, అది అవును అయితే సిస్టమ్ మొత్తం పక్కకి తప్పుకుని పెద్దవాళ్లని అడగమంటుంది.

కౌంటర్ మీద పెట్టాక

మొదటి రెండు నెలలు పెద్దాయన ఉండగానే నడపండి, ఆయన వెళ్లాక మొదలుపెట్టకండి. కుర్రాడు సిస్టమ్ మాట కాదని వేరేగా చేయొచ్చు, కానీ ఎందుకు చేశాడో మూడో షీట్లో, అంటే చిట్టాలో, ఒక్క ముక్క రాయాలి. తిట్టకండి, తిడితే రాయడం మానేస్తాడు. ఆ చిట్టాయే మీకు రేపటి రూల్స్ ఇచ్చేది.

మేం పెట్టిన మొదటి వానాకాలంలోనే మాకు దెబ్బ తగిలింది. పన్నెండేళ్లుగా ఒక్క రోజు తప్పని ఖాతాకి సరుకు ఆగిపోయింది, ఎందుకంటే ఆయన ఊరి దారి "తెగదు" అని నేను రాశాను, ఆ ఏడు తెగింది. తప్పు నాది, కుర్రాడిది కాదు. ఆయనకి నేనే బండి వేసుకుని వెళ్లి చెప్పుకొచ్చాను.

ఇలాంటప్పుడు పాత రూల్‌ని చెరిపి కొత్తది రాయాలనిపిస్తుంది. చెరపకండి, పాతది సరిగ్గా పనిచేసే కేసులు కూడా చెడిపోతాయి. సిడ్నీలో పాల్ కాంప్టన్ అనే ఆయన థైరాయిడ్ రిపోర్టుల సిస్టమ్‌తో తంటాలు పడి కనిపెట్టిన పద్ధతి బాగుంటుంది: రూల్ ఎక్కడ తప్పిందో అక్కడే దానికి ఒక మినహాయింపు తగిలించి, ఏ కేసు వల్ల తగిలించామో ఆ కేసుని పక్కనే దాచుకోవడం. మన షీట్లో అయితే పాత వరసకి సరిగ్గా పైన కొత్త వరస ఇరికించి, ఆ బిల్లు నంబరు రాయడమే. రూల్స్ పెరుగుతూనే ఉంటాయి, ఎక్స్‌కాన్‌కి కూడా కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా రూల్స్ మార్చడానికే ఒక బృందం ఉండాల్సి వచ్చింది. మీ సంస్థలో ఆ బాధ్యత ఒక్కరి పేరు మీద పెట్టండి, అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి, చిట్టా పట్టుకుని కూర్చోండి. ఒక్కసారి కూడా పని చేయని రూల్స్‌ని తీసేసి వేరే షీట్లో తేదీ వేసి దాచండి. రూల్స్ షీట్ ప్రింట్ తీసి గల్లా పెట్టె దగ్గర ఒకటి అంటించండి, కరెంటు పోయినప్పుడు కుర్రాడు దాన్ని చూసే నడుపుతాడు. బాబాయ్ మొన్న చైత్రంలో మజ్జిగౌరమ్మ తల్లి దర్శనానికని వచ్చి, కొట్లోకి తొంగిచూసి, ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. పదిహేడో రూల్ దగ్గర ఆగి, "ఇది నేను సెప్పలేదు" అన్నాడు. తేదీ చూస్తే ఆయన చెప్పిందే. అయినా పెన్ను అడిగి కొట్టేశాడు, ఎందుకో ఇంకా తవ్వుతున్నాను.